‘ఇదేం రంగో చెప్పు’ అని అడిగే ముందు

రంగులు, ఆకారాలు నేర్పే బొమ్మల గురించి మీ సందేహాలు రాయమని కిందటి నెల అడిగాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి. నేను కాకినాడలో చాలాకాలం బాలబడి నడిపి, మోకాళ్ళు మొరాయించాక మానుకున్నదాన్ని. పిల్లలతో పాటు నేలమీద చతికిలబడడం ఇప్పుడు నా వల్ల కాదు గానీ, అక్కడ కూర్చుని వాళ్ళేం చేస్తారో బాగా గుర్తుంది. ఒకే సంగతి అడిగినవాళ్ళ ఉత్తరాలు కలిపేశాను. ‘ఏ కంపెనీది కొనమంటారు?’ అని అడిగినవాళ్ళు క్షమించాలి, ఆ పేర్లు ఇక్కడ రాయను.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ళ నాలుగు నెలలు. ఆకారాలు దూర్చే డబ్బా, రింగుల స్టాండు, ఫ్లాష్ కార్డులు అన్నీ కొన్నాం. రోజూ కూర్చోబెట్టి నేర్పుతున్నాను. ఏ రంగు చూపించినా ‘రెడ్’ అంటాడు. పక్క ఫ్లాట్‌లో వాడికంటే చిన్నదైన పాప పది రంగులు గడగడా చెప్పేస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పక్క ఫ్లాట్ పాప సంగతి పక్కన పెట్టండి. ఆ పాపకు పది పేర్లు వచ్చు, సంతోషం. ఏ పేరు ఏ రంగుదో కూడా తెలుసా? మా బడికి వచ్చిన పిల్లల్లో ‘రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో’ అని వరసగా అప్పజెప్పి, ఎర్ర పెన్సిలు ఇమ్మంటే నీలంది చేతిలో పెట్టేవాళ్ళు కొల్లలు.

రంగు తేడా కనిపెట్టడం ఒక పని, దాని పేరు నోటితో చెప్పడం ఇంకో పని. నాలుగైదు నెలల పసివాళ్ళకే రంగులు చక్కగా కనిపిస్తాయి. పేర్లు మాత్రం మూడేళ్ళ దగ్గర కుదురుకుంటాయి, కొందరికి ఇంకాస్త ఆలస్యం. మీ బాబు అన్నిటికీ ‘రెడ్’ అంటున్నాడంటే, అమ్మ అడిగేది రంగు గురించే అని వాడికి అర్థమైందన్నమాట. ‘కుక్క’ అనో ‘మూడు’ అనో అనడం లేదు కదా!

ఇవాళే ఒక పని చేయండి. బట్టలు ఆరేసే క్లిప్పులు ఒకే రకంవి తీసుకోండి. రెండు ఎర్రవి, రెండు పసుపువి, రెండు నీలంవి. ఒక ఎర్ర క్లిప్పు వాడి ముందు పెట్టి, ‘దీని జత ఏదీ?’ అనండి. వాడు నోరు విప్పనక్కర్లేదు, చేత్తో తీసి పక్కన పెడితే చాలు. మూడు జతలూ కలిపాడంటే వాడికి రంగులు వచ్చినట్టే. మిగిలింది పేర్లే.

ఆ పేర్లు నేర్పడానికో పాత పద్ధతి ఉంది. ఫ్రెంచి వైద్యుడు సెగాన్ దగ్గర్నుంచి ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరీ తీసుకున్న మూడు మెట్ల పాఠం అది. మొదటి మెట్టు: రెండే రంగులు ముందు పెట్టి, ‘ఇది ఎరుపు, ఇది నీలం’ అని మనం చెప్పడం. రెండోది: ‘ఎరుపు నాకివ్వు, నీలం బుట్టలో వెయ్యి’ అని వాడి చేత పని చేయించడం. మూడోది: ‘ఇదేంటి?’ అని అడగడం. చుట్టాలు రాగానే మనమంతా నేరుగా ఆ మూడో మెట్టు మీదికే దూకుతాం. వాడు తడబడితే మన పరువు పోయినట్టు మొహం పెడతాం. రెండో మెట్టు మీద ఎన్ని రోజులు ఆడినా తప్పులేదు. అసలు ఆట ఉన్నది అక్కడే. తప్పిస్తే ‘కాదు’ అనకుండా మళ్ళీ మొదటి మెట్టుకి దిగండి, అంతే.

ఇక మీరు కొన్న డబ్బా. ఒకసారి తీసి చూడండి. గుండ్రటి ముక్క ఎరుపు, చదరం ముక్క నీలం, మూడు మూలలది పసుపు, మూత మీద కన్నాల చుట్టూ కూడా అవే రంగులు ఉన్నాయేమో. చాలా డబ్బాలు అలాగే వస్తాయి. పిల్లవాడు ఆకారం చూడనే చూడడు. ఎర్ర ముక్క, ఎర్ర కన్నం, అయిపోయింది. మీరేమో చదరం నేర్చుకున్నాడనుకుంటారు. పార్సిళ్ళకు వేసే ఖాకీ రంగు టేపు ముక్కలన్నిటికీ ఒక్కో పొర చుట్టి, కన్నాల చుట్టూ కూడా అంటించి ఇవ్వండి. అప్పుడు వాడి వేళ్ళు అంచులు తడిమి చూడడం మొదలుపెడతాయి. టేపు లేస్తే వెంటనే తీసేయండి, నోట్లో పెట్టుకుంటాడు.

మాంటిస్సోరీ సామగ్రిలో తెలివంతా ఇక్కడే ఉంది. రంగు బిళ్ళలన్నీ ఒకే కొలత, ఒకే ఆకారం, తేడా రంగులోనే. మొదటి పెట్టెలో మూడే జతలు: ఎరుపు, పసుపు, నీలం. రెండో పెట్టెలో 11 జతలు. మూడో పెట్టెలో తొమ్మిది రంగులు, ఒక్కో రంగులో లేత నుంచి ముదురు దాకా ఏడు ఛాయలు, మొత్తం 63 బిళ్ళలు. అదే పరిమాణం నేర్పే గులాబీ గోపురం చూడండి. 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా పది ఘనాలు, అన్నీ ఒకే గులాబీ రంగు. ఒక వస్తువు ఒక్కసారికి ఒక్క సంగతే చెప్పాలన్నమాట. మన బజారు బొమ్మలు రంగు, ఆకారం, అంకె, ఏబీసీడీ, ఆవు బొమ్మ అన్నీ ఒకే ముక్క మీద అచ్చేసి ‘5 ఇన్ 1’ అని అమ్ముతాయి. అమ్మేవాడికి అది లాభమే.

రింగుల స్టాండుని చిన్నా పెద్దా నేర్పడానికి వాడుకోండి, రంగులకు వద్దు. ఫ్లాష్ కార్డులు అటక మీద పెట్టేయండి, కొన్నాళ్ళ తర్వాత కథలు చెప్పడానికి పనికొస్తాయి.

ఒక్కటి మాత్రం గమనించండి. రెండేళ్ళు దాటాక ‘అమ్మా రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండేసి మాటలు కలపడం లేదంటే, అది రంగుల సమస్య కాదు. పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి, మాట పరీక్ష చేయించాలి. మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు కాబట్టి మాట్లాడుతున్నాడనే అనుకుంటున్నాను.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మనవడు డాలస్‌లో ఉన్నాడు, 14 నెలలవాడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు పంపిద్దామనుకుంటే మా అమ్మాయి ‘రంగు నోట్లోకి పోతుంది, ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా ఉండదు, వద్దు నాన్నా’ అంటోంది. మీ సలహా?
— యలమంచిలి నుంచి ఓ తాతగారు

జవాబు: మాస్టారూ, మీకు పక్కనే కాబట్టి మీరే వెళ్ళి ఏరుకోవచ్చు, అది పెద్ద సౌకర్యం. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. కుంచెతో పూసే పెయింటు కాదిది, అందుకే పెచ్చులుగా ఊడదు. గట్టిగా కింద పడేస్తే అంచు చిట్లొచ్చు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ వంటివాటితో చేసే రంగులు అక్కడివాళ్ళ ప్రత్యేకత. ఆ సహజ రంగులను మళ్ళీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది.

ఐ.ఎస్.ఐ. సంగతి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు. అయితే హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్ళ వస్తువులకూ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవాళ్ళ వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు. కాబట్టి లక్కబొమ్మ మీద ఐ.ఎస్.ఐ. లేకపోవడం తప్పేమీ కాదు. అలాగని లక్కబొమ్మ అని బోర్డు పెట్టిన ప్రతిదీ పసుపు, నీలిమందులతోనే చేశారని అనుకోకండి. రసాయన రంగులు కలిపినవీ అమ్ముతారు. తయారుచేసినవాళ్ళనే అడగండి, ఏ రంగు దేంతో వచ్చిందో చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి.

14 నెలలవాడికి ప్రతిదీ నోట్లోకే వెళ్తుంది కనుక రంగు కంటే కొలత ముఖ్యం. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా దూరిపోయేది ఏదైనా గొంతుకు అడ్డం పడొచ్చు. ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి టాయిలెట్ పేపరు అయిపోయాక మిగిలే అట్టగొట్టంతో చూస్తారు. అది ఇంకొంచెం వెడల్పు, మనకు ఇంకా మంచిదే. డాలస్‌లో మీ అమ్మాయి ఇంట్లో ఆ గొట్టాలకు కొదవుండదు. లక్కపిడతల సెట్టు చూడ ముచ్చటగా ఉంటుంది గానీ ఆ బుల్లి మూతలు, గరిటెలు ఇప్పుడు వద్దు, మూడేళ్ళు నిండాక పంపండి. బొంగరాలూ అంతే. లావుపాటి గిలక, చక్రాల బండి, పెద్ద రింగులవి ఇప్పుడు పంపండి. బండి చక్రాన్ని, మేకుల్లాంటి కర్రముక్కల్ని మీ చేత్తో గట్టిగా లాగి చూడండి. కదిలితే ఆ బండి వద్దు. నీళ్ళలో నానబెట్టవద్దని, డిష్‌వాషర్‌లో అసలు వేయవద్దని అమ్మాయికి రాసి పెట్టండి. పొడిబట్టతో తుడిస్తే చాలు.

ఇంకో మాట. లేత్ మీద తిరిగిందేదైనా గుండ్రంగానే వస్తుంది. గోళం, స్తంభం, శంకువు, రింగు అన్నీ మీకు ఏటికొప్పాకలో దొరుకుతాయి, మూలలున్నది దొరకడం కష్టం. 1837లో జర్మనీలో మొదటి కిండర్‌గార్టెన్‌కు నాంది పలికిన ఫ్రోబెల్ పిల్లలకిచ్చిన రెండో ‘కానుక’లో కర్రతో చేసిన గోళం, స్తంభం, ఘనం ఉండేవి. గోళం దొర్లుతుంది, ఘనం కూర్చుంటుంది, స్తంభం పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే కూర్చుంటుంది. మూడూ పక్కపక్కన ఉంటేనే ఆ తమాషా తెలుస్తుంది. గోళం, స్తంభం ఏటికొప్పాకలో తీసుకుని, ఘనం మాత్రం మీ ఊరి వడ్రంగి చేత వేపచెక్కతో గుప్పెడంత చేయించండి. మూలలు శాండ్‌పేపరుతో బాగా రుద్దమనండి, రంగు ఏదీ వేయించవద్దు.

కొండపల్లి బొమ్మలు కూడా పంపొచ్చా అని చివర్లో అడిగారు. అవి పొనికి కర్రతో చేసి, ముక్కలను చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, పైన రంగు పూసినవి. కొలువులో పెట్టి చూసుకోవాలి, పసివాడి నోటికి ఇవ్వకూడదు.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి ఎవరో ఆకారాలు దూర్చే ఎలక్ట్రానిక్ బొమ్మ ఇచ్చారు. ముక్క వేయగానే లైట్లు వెలిగి ‘స్క్వేర్! గుడ్ జాబ్!’ అంటుంది. పాపకు భలే ఇష్టం. ఇది మంచిదేనా?
— విజయవాడ నుంచి ఓ తండ్రి

జవాబు: బాబూ, అది మాట్లాడుతుంటే మీరేం చేస్తున్నారు? సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్నారని పందెం. 2015లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో కొందరు తల్లిదండ్రులకు మామూలు ఆకారాల డబ్బా, కొందరికి ఎలక్ట్రానిక్ డబ్బా ఇచ్చి, పిల్లలతో ఏం మాట్లాడతారో విన్నారు. మామూలు డబ్బా ఇచ్చినవాళ్ళు మూల, అంచు, లోపలికి, తిప్పు లాంటి మాటలు ఎక్కువగా వాడారు. బొమ్మ మాట్లాడేస్తే మనిషి నోరు మూతపడుతుంది.

పారేయనక్కర్లేదు. బ్యాటరీలు తీసేసి ఇవ్వండి, మంచి డబ్బాయే. ‘ఇది పట్టట్లేదా? కాస్త తిప్పి చూడు తల్లీ’ అని మీరు తెలుగులో అనండి.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. అందులో గుండీ అంత బిళ్ళ బ్యాటరీ ఉంటే, దాని మూతకు స్క్రూ ఉందో లేదో ఇప్పుడే చూడండి. పిల్లలు అది మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. ‘రేపు విరేచనంలో పోతుందిలే’ అని ఆగే విషయం కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. విడిపోయిన బొమ్మల్లోంచి రాలే చిన్న అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే పేగు గోడలను మధ్యలో నొక్కి పట్టేస్తాయి.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్ని. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. కిట్‌లో ఇచ్చిన బొమ్మల్లో సగం ముక్కలు పోయాయి. సగం మంది పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు, తెలుగులో రంగుల పేర్లు చెబితే అయోమయంగా చూస్తారు. డబ్బు ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు?
— ఆదిలాబాద్ జిల్లా

జవాబు: టీచరుగారూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. కూకట్‌పల్లి అమ్మగారికి రాసింది మీరూ చదవండి. జత కలపడానికి భాష అక్కర్లేదు. గోండి పిల్లలూ తెలుగు పిల్లలూ ఒకే వరసలో కూర్చుని ఆడగల ఆట అదొక్కటే. పేర్లు ఆ తర్వాత రెండు భాషల్లోనూ చెప్పండి. గోండి పేర్లు మీకు రాకపోతే పిల్లల అమ్మలను అడగండి. ఓ రోజు వాళ్ళలో ఒకరిని కేంద్రంలో కూర్చోబెట్టి, టీచరమ్మకే పాఠం చెప్పమనండి, పిల్లలు ఎగిరి గంతేస్తారు.

సామగ్రికి దర్జీ దగ్గరికి వెళ్ళండి. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు సంచిలో మూటగట్టి పారేస్తారు. మ్యాచింగ్ సెంటర్లో అల్మారా నిండా పేర్చిన జాకెట్టు గుడ్డలు ఎప్పుడైనా చూశారా? మాంటిస్సోరీ మూడో పెట్టె అంటే అదే, కాకపోతే అది అమ్మకానికి. దర్జీ దగ్గర ఒక్కో రంగులో రెండేసి ముక్కలు ఏరుకుని, అగ్గిపెట్టె అట్ట కంటే కాస్త పెద్దవిగా, అన్నీ ఒకే కొలతలో కత్తిరించి, పాత పెళ్ళికార్డుల అట్ట మీద అంటించండి. గళ్ళు, పువ్వులు, జరీ ఉన్నవి వద్దు. మూడు జతలతో మొదలుపెట్టండి. ఐదేళ్ళవాళ్ళకు ఒకే నీలంలో లేతవీ ముదురువీ అయిదారు ఇచ్చి వరసగా పేర్చమనండి. పెద్దవాళ్ళం మనమే తప్పిస్తాం, చూసుకోండి.

ప్లాస్టిక్ గాజులు ఇంకో మంచి వస్తువు. మట్టిగాజులు వద్దు. గాజులతో రంగు జతలూ పెట్టొచ్చు, గచ్చు మీద పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీయించి గుండ్రం గీయడమూ నేర్పొచ్చు. కూల్‌డ్రింక్ సీసా మూతలు చాలామంది సలహా ఇస్తారు. ఆ మూత సుమారు 3 సెంటీమీటర్లే, మాస్టారికి రాసిన గొట్టంలోకి చక్కగా దూరిపోతుంది. మీ కేంద్రానికి అక్కల చంకనెక్కి చిన్నపిల్లలు కూడా వస్తారు కదా, మూతలు మానేయండి. పల్లీలు, శనగలు, చింతగింజలు పోసి ఆకారాలు చేయించడం కూడా మూడేళ్ళలోపువాళ్ళు ఉన్న చోట వద్దు. పల్లీ గింజ ఊపిరితిత్తుల్లోకి పోయి ఆసుపత్రిపాలైన పిల్లల కథలు ఏ చెవి ముక్కు గొంతు డాక్టరునడిగినా చెబుతారు.

మీ అడవి మీకు పెద్ద కిట్టు. మాఘ, ఫాల్గుణాల్లో మోదుగ పూలు రాలినప్పుడు బుట్టెడు తెప్పించండి. ఎండినదానికీ తాజాదానికీ మధ్య నారింజ రంగు ఎన్ని మెట్లు దిగుతుందో పిల్లల చేత వరస పెట్టించండి. హోళీకి వాటినే నీళ్ళలో ఉడకబెట్టి రంగు తీసి కాగితాలు ముంచండి. ఆకులు సరేసరి. మోదుగ ఆకు మూడు రెక్కలు విడిగా పెట్టి చూపిస్తే, మధ్య రెక్క, పక్క రెక్కలు ఒకేలా లేవని ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ కనిపెట్టిన పిల్ల ఎవరో నాకు రాయండి.

ఆకారాలకు నేల చాలు. సుద్దతో ముగ్గురు నలుగురు పట్టేంత పెద్దగా ఒక గుండ్రం, ఒక చదరం, ఒక త్రిభుజం గీయండి. పళ్ళెం మీద దరువేస్తూ పిల్లల్ని చుట్టూ తిరగమనండి. దరువు ఆపి, ‘మూడు మూలల ఇంట్లోకి!’ అనండి. గీత మీద నడవడం, మూల దగ్గర ఆగి తిరగడం వల్ల కాళ్ళకు కూడా ఆకారం తెలుస్తుంది. గుండ్రం మీద నడిచినప్పుడు ఎక్కడా ఆగనక్కర్లేదు కదా, అది వాళ్ళ చేతే చెప్పించండి.

మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ (మాయల పెట్టె) కిట్‌లో బొమ్మలు, పజిళ్ళు, కార్డులు ఉన్నాయి. మీ సూపర్‌వైజర్ని అడిగి చూడండి. వస్తే మంచిదే, వచ్చేదాకా జాకెట్టు ముక్కలు ఆగవు.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగున్నరేళ్ళు. బొమ్మలో చెట్టు ఆకులకు మట్టి రంగు, నేలకు ఆకుపచ్చ వేస్తాడు. పేర్లన్నీ తెలుసు, అయినా తప్పిస్తాడు. ‘శ్రద్ధ లేదు’ అని స్కూల్లో డైరీలో రాశారు. ఇంట్లో నేనూ రెండు తగిలించాను.
— నెల్లూరు నుంచి ఓ తండ్రి

జవాబు: ఇక కొట్టకండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, పేర్లు అడగకుండా క్రేయాన్లు జతలు కలపమనండి. ట్యూబులైటు కింద వద్దు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల మధ్యే పదేపదే పొరపడుతున్నాడా? నీలానికీ ఊదాకీ కూడా తేడా పట్టలేకపోతున్నాడా? పసుపు, నీలం మాత్రం ఠక్కున కలిపేస్తున్నాడా? అలా అయితే అది అశ్రద్ధ కాదు, వర్ణాంధత్వం కావచ్చు. కంటి డాక్టరుకి చూపించండి.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని ఈ లక్షణం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది కాబట్టి మగపిల్లల్లోనే ఎక్కువ. తల్లికి చూపు మామూలుగానే ఉన్నా ఆమె ద్వారా కొడుక్కి వస్తుంది. మీ ఆవిడ తరఫు తాతగారికి, మేనమామలకు ఉందేమో అడగండి. చాలామందికి తమకుందని పెద్దయ్యేదాకా తెలియదు. అత్తగారింటి మీద నెపం వేయమని మాత్రం దీనర్థం కాదు!

జపాన్ వైద్యుడు ఇషిహారా 1917లో తెచ్చిన చుక్కల బొమ్మలతోనే ఇప్పటికీ పరీక్ష చేస్తారు. అంకెలు చదవడం రానివాళ్ళ కోసం, చుక్కల మధ్య దారిని వేలితో గీసి చూపించే పేజీలు కూడా అందులో ఉన్నాయి. పుట్టుకతో వచ్చేదానికి మందు లేదు, కళ్ళు దెబ్బతినడమూ ఉండదు. క్రేయాన్ల మీద రంగు పేరో చిన్న గుర్తో రాసిపెట్టండి, డాక్టరు రాసిచ్చిన కాగితం టీచరుకి చూపించండి. రంగును బట్టే ఆడాల్సిన ఆటల్లో ముక్కలకు గీతలు, చుక్కలు కూడా ఉన్నవి ఎంచుకోండి.

ప్రశ్న: ప్లేస్కూల్ అడ్మిషన్‌కి పాపను ఇంటర్వ్యూ చేశారు. ‘ఓవల్’ చెప్పలేదని సీటు ఇవ్వలేదు. మూడేళ్ళకు ఓవల్ రావాలా?
— బెంగళూరు నుంచి ఓ తల్లి

జవాబు: అక్కర్లేదు. ఈ వయసు పిల్లలకు నోటి పరీక్షలు, రాత పరీక్షలు పెట్టకూడదని ఎన్‌సీఈఆర్‌టీ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ బడి పోతే పోయింది. ఇసుక, నీళ్ళు, కర్రముక్కలు ఉన్న బడి ఎక్కడుందో వెతకండి. పాపకు కోడిగుడ్డు తెలుసు కదా, ఆ ‘ఓవల్’ తర్వాత వస్తుంది.

ప్రశ్న: ఐదేళ్ళ మా పాప త్రిభుజాన్ని తలకిందులు చేస్తే అది త్రిభుజం కాదంటోంది. చదరాన్ని కాస్త తిప్పి పెడితే ‘డైమండ్’ అంటోంది. ఎంత చెప్పినా ఒప్పుకోదు.
— కరీంనగర్

జవాబు: తప్పు పాపది కాదు, మనం కొనే పజిళ్ళది. ప్రతి పజిల్లోనూ ఒకటే త్రిభుజం, అడుగున చదునుగా, పైన మొనతో, మూడు వైపులా సమానంగా. పాప చూసిందే నేర్చుకుంది. కూల్‌డ్రింకు స్ట్రాలు కత్తిరించి, పొడవైనవీ పొట్టివీ కలిపి బుట్టలో వేయండి. ఏ మూడింటినైనా దారంతో గుచ్చి కట్టమనండి. సన్నగా సాగినవి, ఒరిగినవి, రకరకాల త్రిభుజాలు వస్తాయి. ఒక బారెడు స్ట్రా, రెండు బుల్లివి తీసుకున్నప్పుడు మాత్రం కొసలు కలవవు. ఎందుకు కలవలేదో వెంటనే చెప్పేయకండి, కాసేపు కుస్తీ పట్టనివ్వండి. తర్వాత సమానమైన నాలుగు స్ట్రాలతో చదరం కట్టించి, ఒక మూల నొక్కమనండి, పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజాన్ని ఎంత నొక్కినా ఒరగదు. రేకుల షెడ్డు కప్పు కింద ఇనుప త్రిభుజాలు ఎందుకు పెడతారో బయటికి వెళ్ళినప్పుడు చూపించండి.

డైమండ్ గొడవ సంక్రాంతికి తీర్చేయొచ్చు. పతంగిని నేల మీద అంచు మీకెదురుగా ఉండేలా పెట్టి, తర్వాత మెల్లగా తిప్పండి. తిప్పేది పాపే అయితే మరీ మంచిది. కాగితం మారలేదు కదా అని అడగండి. అప్పటికీ ‘డైమండే’ అంటే ఊరుకోండి, వచ్చే ఏడు ఒప్పుకుంటుంది.

ప్రశ్న: రంగులు నేర్పే యాప్ ఉంటే బొమ్మలు కొనాల్సిన పనే లేదు కదా?
— పేరు రాయలేదు

జవాబు: రెండేళ్ళలోపు వాళ్ళకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. గాజు మీద గీసిన చదరానికీ గుండ్రానికీ వేలికి ఒకే నునుపు తగులుతుంది. బొమ్మలు కొనకపోయినా ఫరవాలేదు, క్లిప్పుల గురించి పైన రాశాను.

ప్రశ్న: మా అక్క కొడుకు వాడిన బ్లాకులు పెద్ద డబ్బా నిండా ఇచ్చారు. మా ఏడాదిన్నర పాపకు ఇవ్వొచ్చా? ఎలా కడగాలి?
— తణుకు

జవాబు: ఇవ్వొచ్చు, పెద్ద బ్లాకులైతే. చిన్న బ్లాకుల సెట్టు అయితే మూడేళ్ళు నిండేదాకా పైన పెట్టండి. ప్లాస్టిక్‌వి గోరువెచ్చటి సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో తోమి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. లోపల తడి ఉంటే బూజు పడుతుంది. కర్రవైతే నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. డబ్బా మొత్తం ఒకేసారి కుమ్మరించకండి, పదో పన్నెండో ఇచ్చి మిగతావి దాచండి. పంటిగాట్లు ఉంటే ఫరవాలేదు. పగుళ్ళు, పదునైన అంచులు, రంగు పెచ్చులు లేచినవి మాత్రం పారేయండి.